సేవ్ కొట్టినా పేజీ మారడం లేదు: ఎడిటర్ ఇక్కడ, సర్వర్ బెంగళూరులో

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. సింగరాయకొండలో ఇంటి నుంచి పని చేస్తున్నారు. ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. అన్నీ అందులోనే నడిపితే ఆగిపోతోందని బెంగళూరులో 2 జీబీ వీపీఎస్ (అద్దె సర్వర్) ఒకటి తీసుకున్నారు. కోడ్ ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, ఆ ఫోల్డర్‌ని ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్‌తో సర్వర్ మీద మౌంట్ చేశారు, అంటే ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ నెట్ మీదుగా సర్వర్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ఫ్రంటెండ్‌కి, అంటే బ్రౌజర్‌లో కనిపించే భాగానికి రియాక్ట్, దాన్ని పని చేసేటప్పుడు నడిపి చూపించే డెవ్ సర్వర్‌గా వీట్. బ్యాకెండ్‌కి, అంటే వెనక నడిచే భాగానికి పైథాన్‌లోని జాంగో. రెండూ సర్వర్‌లోనే నడుస్తున్నాయి. జాంగోలో చేసిన మార్పు కాసేపటికి కనిపిస్తోంది కానీ రియాక్ట్‌లో మార్పు అసలు కనిపించడం లేదు. ప్రతిసారీ కంట్రోల్ సీ కొట్టి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తోంది. లోకల్‌లో లాగా సేవ్ కొట్టగానే పేజీ మారేలా చేసుకోవచ్చా, 2 జీబీ సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

చేసుకోవచ్చు. కోడ్‌ని సర్వర్‌కి మార్చండి, అక్కడే ఎడిట్ చేయండి, అక్కడే నడపండి. ల్యాప్‌టాప్‌కి రావాల్సింది ఒక్క పోర్ట్ మాత్రమే, అదీ ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో, అంటే మీకూ సర్వర్‌కీ మధ్య బయటివాళ్లకు కనిపించని దారిలో. ఆ మౌంట్ తీసేయండి. మీ సమస్యలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది.

నేను నెల్లూరులో ఉంటాను. 12 ఏళ్లుగా రైస్ మిల్లులకీ, రొయ్యల మేత డీలర్లకీ, చీమకుర్తి వైపు గ్రానైట్ యార్డులకీ అప్లికేషన్లు రాస్తున్నాను. గత ఆరేళ్లుగా నా కోడ్ ఏదీ నా ల్యాప్‌టాప్‌లో లేదు, అంతా సర్వర్‌లోనే. కింద చెప్పేవన్నీ ఆ పనిలో తగిలిన దెబ్బలే. కమాండ్లు ఫోన్‌లో చెప్పినట్టు పలికి రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు ఎందుకు మారడం లేదో చూద్దాం, ఎందుకంటే ఇది అర్థమైతే రేపు ఇంకో టూల్ వాడినా మీకే తెలిసిపోతుంది.

లినక్స్‌లో ఫైల్ మారిందని ప్రోగ్రాములకు చెప్పేది కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని) ఐనోటిఫై. 2005లో 2.6.13 వెర్షన్‌తో వచ్చింది. వీట్ లాంటి టూల్స్ దాని దగ్గర పేరు నమోదు చేసుకుని కూర్చుంటాయి, ఫైల్ మారగానే కెర్నెల్ పిలుస్తుంది. అయితే కెర్నెల్‌కి తెలిసేది తన మెషీన్‌లో, తన చేతి మీదుగా జరిగిన మార్పు మాత్రమే. మీ విషయంలో ఫైల్ మారింది సింగరాయకొండలోని ల్యాప్‌టాప్‌లో. ఆ మార్పు బెంగళూరు కెర్నెల్ చేతి మీదుగా జరగలేదు. కాబట్టి అది ఎవరినీ పిలవదు, వీట్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

మరి జాంగో ఎలా మారుతోంది? జాంగో రన్‌సర్వర్ మామూలుగా ఐనోటిఫైని నమ్ముకోదు. సెకనుకోసారి తనే వెళ్లి ప్రతి ఫైల్ చివరిగా మారిన సమయం చూసుకుంటుంది. అందుకే మౌంట్ మీద కూడా పని చేస్తుంది. కానీ ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ ఆ సమయాలను మామూలుగా 20 సెకన్ల పాటు కాష్‌లో దాచిపెడుతుంది, కాబట్టి జాంగోకి పాత సమయమే కనిపిస్తుంది. మీరు చూస్తున్న ఆలస్యం అదే. మీ ప్రశ్నలో ఈ ఒక్క వివరం రాసినందుకే విషయం వెంటనే దొరికింది.

మౌంట్ అటు తిప్పితే, అంటే సర్వర్ ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో మౌంట్ చేసుకుని ఎడిట్ చేస్తే, వీట్‌కి మార్పు తెలుస్తుంది. అప్పుడు ఫైల్‌ని నిజంగా రాసేది సర్వర్‌లో ఫైళ్లు అందుకునే ఎస్‌ఎఫ్‌టీపీ ప్రాసెస్ కాబట్టి. కాకపోతే ఎడిటర్‌లో ఒక పదం వెతికితే అది లైబ్రరీలన్నీ ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తాన్ని నెట్ మీదుగా లాగడం మొదలుపెడుతుంది. నేను రెండు వారాలు ఓపిక పట్టి వదిలేశాను.

చాలామంది మీకు "పోలింగ్ ఆన్ చెయ్యి, అయిపోతుంది" అని చెబుతారు. వీట్‌లో యూజ్‌పోలింగ్ అనే సెట్టింగ్ ఉంది, పెడితే నిజంగానే పని చేస్తుంది. కానీ మౌంట్ మీద పోలింగ్ అంటే ప్రతి ఫైల్ గురించి మీ ఇంటి నెట్ మీదుగా అడుగుతూ ఉండటం. మా దగ్గర పని నేర్చుకునే అబ్బాయి ఒకడు ఒక్క కోర్ వీపీఎస్ మీద ఇదే పెట్టాడు. "అన్నా, సేవ్ కొట్టకపోయినా ఫ్యాన్ తిరిగినట్టు సీపీయూ తిరుగుతానే ఉందన్నా" అని పిలిస్తే వెళ్లి చూశాను. టాప్ కమాండ్‌లో నోడ్ (వీట్‌ని నడిపే ప్రోగ్రామ్) 90 శాతం దగ్గర నిలబడి ఉంది. అది రోగానికి మందు కాదు, నొప్పి తెలియకుండా చేయడం.

ఇక సెటప్‌కి వద్దాం. కోడ్ గిట్‌లో ఉంటే సర్వర్‌లో క్లోన్ చేసుకోండి. వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ వేసి సర్వర్‌కి కనెక్ట్ అవ్వండి. బొమ్మ మాత్రమే మీ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది, ఫైళ్లు తెరవడం, వెతకడం, టైప్‌స్క్రిప్ట్ తప్పులు పట్టడం అన్నీ సర్వర్‌లో జరుగుతాయి. డెవ్ సర్వర్ మొదలుపెట్టగానే ఆ పోర్ట్‌ని గుర్తుపట్టి వీఎస్ కోడే టన్నెల్ వేసేస్తుంది. వీఎస్ కోడ్ వద్దనుకుంటే మామూలు ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కి మైనస్ క్యాపిటల్ ఎల్ ఇచ్చి, పక్కన 5173 కోలన్ లోకల్‌హోస్ట్ కోలన్ 5173 అని రాయండి. 5173 వీట్ మామూలుగా వాడే పోర్ట్. తర్వాత మీ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 5173 తెరిస్తే బెంగళూరులో నడుస్తున్నది మీ ముందు ఉంటుంది. ఇక్కడ 127.0.0.1 అని రాయకుండా లోకల్‌హోస్ట్ అనే రాయండి. నోడ్ 17 నుంచి లోకల్‌హోస్ట్ అంటే కొన్ని సర్వర్లలో ఐపీవీ6 అడ్రస్ మీద కూర్చుంటుంది, అప్పుడు 127.0.0.1 మీద తలుపు కొడితే పలకదు.

జాంగోకి వేరే టన్నెల్ అక్కర్లేదు. వీట్ కాన్ఫిగ్‌లో ప్రాక్సీ అని ఉంటుంది, ఏపీఐ తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ 8000 పోర్ట్‌కి పంపమని చెప్పండి. జాంగో టెంప్లేట్లు కూడా వాడుతుంటే ఒక మాట: రన్‌సర్వర్ తనను తాను రీస్టార్ట్ చేసుకుంటుందే కానీ బ్రౌజర్‌ని రిఫ్రెష్ చేయదు. దానికి జాంగో బ్రౌజర్ రీలోడ్ అనే చిన్న ప్యాకేజీ ఉంది, అది వేసుకోండి.

ఇంత చేసినా ఏదో ఒక రోజు సేవ్ కొడితే పేజీ కదలదు. ఆ రోజు కంగారుపడి అన్నీ రీస్టార్ట్ చేయకండి. ఎక్కడ తెగిందో వెతకండి. సేవ్ నుంచి పేజీ వరకు నాలుగు అంచెలు: ఫైల్ డిస్క్ మీద మారాలి, వాచర్ (ఫైళ్ల మీద కన్ను వేసి ఉంచే భాగం) దాన్ని చూడాలి, టూల్ మళ్లీ కంపైల్ చేయాలి, ఆ సంగతి వెబ్‌సాకెట్‌లో (బ్రౌజర్‌కీ డెవ్ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్‌లో) బ్రౌజర్‌కి చేరాలి. సర్వర్ టెర్మినల్‌లో ఆ ఫైల్ మీద టచ్ కమాండ్ కొట్టండి, అది ఫైల్ ఇప్పుడే మారినట్టు సమయం వేస్తుంది. డెవ్ సర్వర్ నడుస్తున్న విండోలో హెచ్‌ఎంఆర్ అప్‌డేట్ (మారిన ముక్కను మాత్రమే పేజీలో మార్చడం) అని, పక్కన మీ ఫైల్ పేరుతో ఒక లైన్ పడిందా? పడితే మొదటి మూడూ బాగున్నట్టే, తేడా బ్రౌజర్ వైపు. పడకపోతే బ్రౌజర్‌ని ముట్టుకోనక్కర్లేదు.

బ్రౌజర్ వైపు అయితే ఎఫ్12 నొక్కి కన్సోల్ చూడండి. పేజీ తెరవగానే వీట్ ముందు కనెక్టింగ్ అనీ, వెంటనే కనెక్టెడ్ అనీ రాస్తుంది. రెండోది రాలేదంటే వెబ్‌సాకెట్ కుదరలేదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో వెబ్‌సాకెట్ ఫిల్టర్ పెడితే ఆ రిక్వెస్ట్ ఒక్కటే కనిపిస్తుంది. దాని స్టేటస్ 101 ఉండాలి, అంటే వెబ్‌సాకెట్ కుదిరినట్టు. 200 గానీ 400 గానీ 502 గానీ ఉంటే మధ్యలో ఎవరో అడ్డుపడుతున్నారు.

ఆ అడ్డుపడేది చాలాసార్లు ఎన్‌జిన్‌ఎక్స్, అంటే బ్రౌజర్‌కీ డెవ్ సర్వర్‌కీ మధ్య నిలబెట్టే వెబ్ సర్వర్. టన్నెల్ వాడితే ఈ గొడవ లేదు. డొమైన్ పేరు పెట్టి ఎన్‌జిన్‌ఎక్స్ వెనక డెవ్ సర్వర్ నడిపేవాళ్లు మాత్రం మూడు లైన్లు చేర్చాలి: ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1, అప్‌గ్రేడ్ హెడర్, కనెక్షన్ హెడర్. ఇవి లేకపోతే పేజీ చక్కగా తెరుచుకుంటుంది, లైవ్ రీలోడ్ ఒక్కటే రాదు, అందుకే చాలామంది తప్పు వేరే చోట వెతుకుతారు. 60 సెకన్లు అటూ ఇటూ ఏమీ పోకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ కనెక్షన్ తెంచేస్తుంది కూడా. దీని గురించి ఇంకా రాయను, మీకు ఈ దారి వద్దు.

వాచర్ వైపు అయితే ముందు అనుమానించాల్సింది ఐనోటిఫై పరిమితి. ఒక యూజర్ ఎన్ని ఫైళ్ల మీద కన్ను వేయొచ్చో కెర్నెల్‌లో ఒక లెక్క ఉంటుంది. పాత కెర్నెల్స్‌లో అది 8192. 5.11 నుంచి మెమరీని బట్టి పెరుగుతుంది. అది దాటితే వచ్చే ఎర్రర్ కోడ్ పేరే మోసం చేస్తుంది: ఈనోస్పేస్, అంటే "డిస్క్‌లో చోటు లేదు" అన్నప్పుడు వచ్చే కోడే. చాలా ఏళ్ల కిందట ఇది మొదటిసారి చూసినప్పుడు నేను నిజంగా డిస్క్ నిండిందనుకుని సాయంత్రమంతా పాత లాగ్‌లూ, బ్యాకప్‌లూ తీసేస్తూ కూర్చున్నాను. డిస్క్‌లో ఎంత చోటు ఉందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే సగం ఖాళీ ఉంది, ఎర్రర్ మాత్రం పోలేదు. పరిమితిని 524288 కి పెంచమని అందరూ చెబుతారు. పెంచొచ్చు, కానీ 64 బిట్ మెషీన్‌లో ఒక్కో వాచ్ సుమారు ఒక కిలోబైట్ తింటుంది, అన్నీ వాడుకుంటే 540 ఎంబీ దాకా పోతుంది. మీ 2 జీబీలో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి ముందు చూడనక్కర్లేనివి తీసేయండి. వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో వాచర్ ఎక్స్‌క్లూడ్ అని ఉంటుంది, అందులో నోడ్ మాడ్యూల్స్, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, మీడియా ఫోల్డర్ చేర్చండి. నా పనుల్లో ఆ మూడూ తీసేశాక పరిమితి పెంచాల్సిన అవసరం రాలేదు.

ఇంకొకటి, దీని మీద ఎవరూ పెద్దగా రాయరు. పోయినేడాది ఒక మేత డీలర్ అప్లికేషన్‌లో బిల్లు పేజీ మీద పని చేస్తున్నాను. సేవ్ కొడుతున్నాను, టెర్మినల్‌లో లైన్ పడుతోంది, బ్రౌజర్ కన్సోల్‌లో కనెక్టెడ్ అని ఉంది, అయినా జీఎస్టీ కాలమ్ పాత చోటే ఉంది. గంట పోయింది. చివరికి పైకి స్క్రోల్ చేస్తే డెవ్ సర్వర్ చెప్పిన పోర్ట్ 5174. ముందురోజు ఇంకో బ్రాంచ్ కోసం వేరే ఫోల్డర్‌లో క్లోన్ చేసి నడిపినది వెనక టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా సర్వర్‌లో టెర్మినల్‌ని బతికించి ఉంచే టూల్‌లో) ఇంకా బతికే ఉంది, 5173 దాని చేతిలో ఉంది. వీట్ పోర్ట్ ఖాళీ లేకపోతే ఆగదు, పక్క పోర్ట్‌కి వెళ్లిపోతుంది. నా టన్నెల్ మాత్రం 5173 కే పోతోంది. చూడటానికి అదే అప్లికేషన్, అదే లాగిన్, అదే రంగు, కాబట్టి అనుమానం రాలేదు. స్ట్రిక్ట్ పోర్ట్ సెట్టింగ్‌ని ట్రూ పెట్టండి, పోర్ట్ దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. రిమోట్‌లో పని చేసే ప్రతి ప్రాజెక్ట్‌లో నేను మొదట రాసే లైన్ ఇప్పుడు అదే.

టీమక్స్ పేరు వచ్చింది కాబట్టి చెబుతాను, అది లేకుండా రిమోట్ డెవలప్‌మెంట్ మొదలుపెట్టకండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో వాయుగుండాలు. కరెంటు పోతుంది, రౌటర్ ఆగుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ తెగుతుంది, దాని కింద నడుస్తున్న డెవ్ సర్వర్ కూడా పోతుంది. టీమక్స్‌లో నడిపితే తెగేది మీ కనెక్షన్ ఒక్కటే, సర్వర్‌లో పని అలాగే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి మళ్లీ లోపలికి వెళ్లి టీమక్స్ అటాచ్ కొట్టండి. టన్నెల్ రాగానే వీట్ పేజీ తనే గమనించి రీలోడ్ అవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30 అని పెట్టుకోండి, తెగిన కనెక్షన్ పట్టుకుని స్క్రీన్ బిగుసుకుపోయే బాధ తగ్గుతుంది. లోకల్ ఫార్వర్డ్ లైన్ కూడా ఆ కాన్ఫిగ్‌లోనే రాస్తే ప్రతిసారీ పెద్ద కమాండ్ కొట్టక్కర్లేదు.

మీ ఇంట్లో నెట్ గంటల తరబడి ఉండదు, కోడ్ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి అంటే మౌంట్ కాకుండా సింక్ వాడండి. ఫైల్ రెండు చోట్లా నిజంగా ఉండాలి. మ్యూటాజెన్ ఈ పని కోసమే చేసినది, సేవ్ చేసిన క్షణాల్లో పంపుతుంది. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌ని, మార్పు జరగగానే దాన్ని పిలిచే ఎల్‌సింక్‌డీతో నడిపినా అవుతుంది. అప్పుడు సర్వర్‌లో ఫైల్‌ని రాసేది సర్వరే కాబట్టి ఐనోటిఫై పలుకుతుంది. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ (ఇక్కడ లేనిది అక్కడా తీసేయడం) పెట్టేముందు మాత్రం మినహాయింపుల జాబితా రెండుసార్లు చదవండి. ఒక గ్రానైట్ యార్డ్ పనిలో నేను మీడియా ఫోల్డర్‌ని మినహాయించడం మర్చిపోయాను. నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ ఖాళీ, సర్వర్‌లో యార్డ్ వాళ్లు ట్రయల్ కోసం ఎక్కించిన బ్లాకుల ఫొటోలు. ఒక్క సింక్‌తో సర్వర్‌లోనూ ఖాళీ అయింది. వాళ్లు మళ్లీ ఎండలో తిరిగి ఒక్కో బ్లాకుకి నెంబరు కనిపించేలా ఫొటోలు తీయాల్సి వచ్చింది. ఇప్పుడు మొదటిసారి ఎప్పుడూ డ్రై రన్‌తోనే, అంటే ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో మాత్రం చూపేలా నడుపుతాను.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. ఇంటర్నెట్‌లో చాలా జవాబులు హోస్ట్ 0.0.0.0 పెట్టి (అంటే బయటి నుంచి ఎవరు పిలిచినా పలికేలా చేసి) ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరిచేయమంటాయి. పని అవుతుంది, అందుకే ప్రమాదం. డెవ్ సర్వర్‌ని బయటికి తెరవకండి. అది మీ సోర్స్ కోడ్‌ని అడిగిన వాళ్లందరికీ ఇచ్చేలా తయారైన ప్రోగ్రామ్. 2025 మార్చిలో వీట్‌లో ఒక లోపం బయటపడింది, బయటికి తెరిచి ఉంచిన డెవ్ సర్వర్ నుంచి ప్రాజెక్ట్ ఫోల్డర్ అవతలి ఫైళ్లు కూడా చదవగలిగేవాళ్లు. సరిచేసిన వెర్షన్లు వచ్చాయి, కానీ టన్నెల్ వాడుతున్నవాళ్లకు ఆ రోజు టెన్షన్ లేదు. జాంగో బదులు ఫ్లాస్క్ అనే పైథాన్ టూల్ వాడేవాళ్లకు ఇంకా ప్రమాదం: డీబగ్ మోడ్‌లో ఎర్రర్ పేజీ మీదే పైథాన్ కన్సోల్ తెరుచుకుంటుంది, మధ్యలో ఉన్న అడ్డు ఒక చిన్న పిన్ నెంబర్. నేను మొదట్లో ఒకసారి 5000 పోర్ట్ తెరిచి భోజనానికి వెళ్లాను. వచ్చి చూస్తే లాగ్‌లో నేను ఎప్పుడూ రాయని అడ్రస్‌లు, పాస్‌వర్డ్ ఫైళ్ల కోసం, అడ్మిన్ పేజీల కోసం వరుసగా రిక్వెస్టులు. ఏమీ పోలేదు కానీ ఆ సర్వర్‌ని తీసేసి కొత్తది పెట్టుకున్నాను. అప్లికేషన్లను విడివిడి డబ్బాల్లో (కంటైనర్లలో) నడిపే డాకర్ వాడితే ఇంకో సంగతి తెలుసుకోండి, డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్‌ని లినక్స్ ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆపదు. పోర్ట్ ముందు 127.0.0.1 అని రాస్తేనే లోపల ఉంటుంది.

క్లయింట్‌కి ఫోన్‌లో చూపించాలంటే డెవ్ సర్వర్ చూపించకండి. బిల్డ్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, వేరే అడ్రస్‌లో పెట్టండి. చెరువు గట్టు మీద నిలబడి చూసే రైతుకి లైవ్ రీలోడ్‌తో పని లేదు, పేజీ త్వరగా తెరుచుకోవాలి.

2 జీబీ సరిపోతుందా అన్నారు. వీఎస్ కోడ్ వాళ్లే సర్వర్ వైపు కనీసం 1 జీబీ, వీలైతే 2 జీబీ ఉండాలంటారు. దాని పక్కన నోడ్, జాంగో, డేటాబేస్ ఉన్నప్పుడు ఇరుకే, కానీ నడుస్తుంది. 2 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ నిండితే డిస్క్‌లో వాడుకునే చోటు) పెట్టుకోండి. అది లేకుండా నడిపిన రోజుల్లో మెమరీ అయిపోగానే కెర్నెల్ వెళ్లి సరిగ్గా డేటాబేస్‌ని చంపేది, నేను లైవ్ రీలోడ్ ఆగిందేమో అని చూస్తుండేవాణ్ని. సర్వర్‌లో ఎక్స్‌టెన్షన్లు మీకు నిజంగా కావాల్సినవి రెండో మూడో వేయండి, ఒక్కోటి అక్కడి మెమరీనే తింటుంది.

బెంగళూరు సర్వర్ దూరమేమో అన్న అనుమానం మీకు అక్కర్లేదు. నెల్లూరు నుంచి నాకు ఫైబర్ మీద పింగ్ 20, 30 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. సేవ్ కొట్టి తల ఎత్తేలోపు పేజీ మారిపోతుంది, ఎందుకంటే వచ్చేది మారిన ఒక్క ఫైలే. ఆలస్యం కనిపించేది పేజీ మొదటిసారి తెరిచినప్పుడు. వీట్ ఫైళ్లను ఒక్కటిగా కట్టకుండా విడివిడిగా ఇస్తుంది, పెద్ద అప్లికేషన్‌లో వందల రిక్వెస్టులు పోతాయి, పైగా డెవ్ సర్వర్ వాటిని కుదించకుండా పంపుతుంది. హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కి మైనస్ క్యాపిటల్ సీ చేర్చండి, టన్నెల్‌లోనే కుదిస్తుంది, నాకు తేడా కంటికి కనిపించింది. మంచి ఫైబర్ ఉన్నప్పుడు అది తీసేయండి, సీపీయూ దండగ.

సెటప్ మార్చాక టచ్ కొట్టినప్పుడు లైన్ పడిందో లేదో, వెబ్‌సాకెట్ స్టేటస్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. ఆ రెండూ ఉంటే మిగతాది చూసి చెబుతాను.